మంచినీళ్లతో కడిగిన సాక్సుల మిషను

సాక్సుల మిషను శుభ్రం చేసుకోవడం, కాపాడుకోవడం ఎలాగో రాసిపెట్టమని కామాక్షి ఆరు నెలలుగా నా ప్రాణం తీస్తోంది. మిషను ముందు కూర్చుంటే నా చేతులు వాటంతటవే పని చేసుకుపోతాయి. కాగితం ముందు కూర్చుంటే చెమటలు పడతాయి. అయినా రాస్తున్నాను. పులికాట్ సరస్సు ఒడ్డున కామాక్షి వాళ్ల ఊళ్లో నలుగురు ఆడవాళ్లు ఇప్పుడు ఈ పని నేర్చుకుంటున్నారు. గూడూరులో కుట్టుమిషన్లు బాగుచేసే ఇద్దరు కూడా వచ్చి అడిగారు. నేను పోయాక వీళ్లంతా నన్ను తిట్టుకోకుండా ఉండాలంటే రాయక తప్పదు.

ఆస్పత్రి పనిశాలలో నేను ఎప్పుడు చేరానో, ఎప్పుడు మేస్త్రీనయ్యానో ఇందులో ఉండదు. అవి ఎవడిక్కావాలి? ఒక మిషను గురించి, రెండు పాదాల గురించి చెబుతాను. మొదటి పాదం నాకు పేరు కూడా గుర్తులేని ఒక పెద్దాయనది. దాన్ని నేనే పాడుచేశాను. రెండోది కామాక్షి అత్తగారు అంకమ్మది. అదీ నా మూలానే పోవలసింది.

మిషను అంటే ఇది

చూడ్డానికి కాఫీ గింజలు పొడిచేసే చేతిమర లాగా ఉంటుంది. బల్లకు బిగించి పక్కనున్న పిడి తిప్పాలి. కరెంటు అక్కర్లేదు. మధ్యలో ఇనప గొట్టం, గొట్టం బయటివైపు చుట్టూ నిలువుగా డెబ్బై రెండు గాడులు, గాడికొక సూది. సూది కొనకు కొక్కెం, ఆ కొక్కెం మీద పడుతూ లేస్తూ ఉండే చిన్న నాలుక. పిడి తిప్పితే సూదులు వరసగా పైకి లేచి, దారం అందుకుని దిగుతాయి. గొట్టం లోపలి నుంచి అల్లిక కిందికి జారుతుంది. అది లాగిపట్టినట్టు ఉండడానికి కింద ఒక బరువు వేలాడదీస్తాం. మడమ దగ్గరికి వచ్చేసరికి సగం సూదులు పనిలోంచి తప్పించి, మిగతా సగం మీద పిడిని ముందుకీ వెనక్కీ ఆడించాలి. ఆఖరున వేళ్ల దగ్గర కుట్టు రాకుండా, చేత్తో ఉచ్చుకు ఉచ్చు కలిపి మూయాలి.

మా మిషను ఏ దేశంలో పుట్టిందో తెలియదు. దాని మీద అక్షరాలు నేను పుట్టకముందే అరిగిపోయాయట. నేను పనిచేసిన క్రైస్తవ మిషన్ ఆస్పత్రి పనిశాలకు ఎవరో దొరలు ఓడలో తెచ్చారని చెప్పుకునేవారు. నాకు తెలిసినంతలో దానికి ఉన్న శత్రువులు మూడే: దూది పీచు, ఉప్పుగాలి, తొందరపడే మేస్త్రీ. మొదటి రెంటికీ మందు ఉంది.

సుందరమ్మ గారు

పనిశాలలో అల్లికల గది సుందరమ్మ గారిది. సన్నగా, పొట్టిగా, తెల్లచీర కట్టుకుని, గొంతు పెంచకుండానే మనిషిని కూలేసే రకం. నన్ను ‘నాయనా’ అని పిలిస్తే నేనేదో తప్పు చేశానని లెక్క. తప్పు చేయని రోజున ‘ఆశీర్వాదం’ అనేవారు.

చేరిన కొత్తలో మిషను తళతళలాడాలని గొట్టం గాడుల్లో గరుకు కాగితం పెట్టి రుద్దాను. అద్దంలా మెరిసింది. నా అంతటి పనిమంతుడు లేడనుకున్నాను. తీరా సూదులు వేసి తిప్పితే నాలుగు గాడుల్లో సూదులు వదులై ఊగుతున్నాయి. అల్లికలో ఆ నాలుగు చోట్లా నిచ్చెన మెట్లలా సందులు పడ్డాయి. సుందరమ్మ గారు ఆ అల్లిక పట్టుకుని చూసి, “నాయనా, ఇనుము తీసేశావు. ఇక పెట్టలేవు” అన్నారు. అంతే. ఆ గొట్టాన్ని మూలన పెట్టి, అదనంగా ఉన్న ఒక్క గొట్టాన్ని బిగించారు. ఇప్పటికీ అదే నడుస్తోంది. శుభ్రం అంటే మురికి తీయడం, ఇనుము తీయడం కాదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకున్నా నేను పడ్డ శ్రమకు ఫలితం దక్కినట్టే.

ఆ సాక్సులు ఎవరికో చెప్పాలి. కుష్ఠు నయమైనా పాదాల్లో స్పర్శ తిరిగిరానివాళ్లు ఆస్పత్రికి వచ్చేవారు. చెప్పు కరిచినా వాళ్లకు తెలియదు. సాక్సు లోపల కుట్టు గానీ ముడి గానీ ఉంటే అది రాసుకుని, పుండై, చీము పట్టేదాకా తెలియదు. అందుకే దారం తెగితే ముడి వేయకూడదు. తెగిన చోటి దాకా విప్పి, రెండు కొనలూ కలిపి నాలుగు ఉచ్చులు అల్లాలి. ఒక్కోసారి పావుగంట పట్టే పని.

నేను చేరిన కొన్నేళ్లకు కొత్త మేనేజరు వచ్చాడు. మంచివాడే, మిఠాయిలు పంచేవాడు. కానీ ఆయనకు జతలు కావాలి. రోజూ సాయంత్రం మిషను విప్పి పీచు దులిపే అరగంట వృథా అన్నాడు. నేను తల ఊపాను. చెడ్డ పైఅధికారి దగ్గర జాగ్రత్తగా ఉంటాం, మంచివాడికే లొంగిపోతాం. అరగంట మానేశాను. పీచు పేరుకుని సూదుల నాలుకలు పట్టేసి, దారం మాటిమాటికీ తెగడం మొదలైంది. విప్పి అల్లడానికి తీరిక లేక, ఒకరోజు మడమ దగ్గర చిన్న ముడి వేసి ఊరుకున్నాను. ఆవగింజంత ముడి.

మూడు వారాల తర్వాత సుందరమ్మ గారు నన్ను డ్రెస్సింగు గదికి తీసుకెళ్లారు. పెద్దాయన ఒకాయన బల్ల మీద కాలు చాపుకుని ఉన్నాడు. మడమ దగ్గర రూపాయి బిళ్లంత గుంట. లోపల ఎముక తెల్లగా కనిపిస్తోంది. ఆయన నన్ను చూసి నవ్వి, సాక్సులు మెత్తగా ఉన్నాయి బాబూ అన్నాడు. బయటికొచ్చి గోడ పట్టుకుని ఏడ్చాను. సుందరమ్మ గారు తిట్టలేదు. “ఆయనకు తెలియదు కాబట్టి మనకు తెలియాల, నాయనా” అన్నారు.

ఆ రోజు నుంచి పూర్తయిన ప్రతి సాక్సులో కళ్లు మూసుకుని చేయి పెట్టి చూడడం నా పనైంది. కళ్లు తెరిచి చూస్తే చేయి బద్ధకిస్తుంది. కళ్లు మూస్తే అది మేలుకుంటుంది. మేనేజరు దగ్గరికి వెళ్లి నా అరగంట నాకు కావాలన్నాను. ఆయన కాదనలేదు. ముందే అడిగి ఉంటే ముందే ఇచ్చేవాడు. తప్పు ఆయనదని చాలాకాలం చెప్పుకు తిరిగాను గానీ, నాదే.

పనిశాల మూతపడ్డ రోజున సుందరమ్మ గారు మిషనునీ, దాంతో పాటు ఒక బిస్కెట్ డబ్బానీ నా చేతిలో పెట్టారు. డబ్బాలో నూనె కాగితంలో చుట్టిన కొత్త సూదులు ముప్పై ఉన్నాయి. ఇవి ఇక యాడా దొరకవు, తొందరపడి వాడబాకు అన్నారు. మరుసటేడే పోయారు. గూడూరులో కుట్టుమిషన్ల రిపేరు షాపు పెట్టుకున్నాను. సాక్సుల మిషను దుప్పటి కప్పుకుని మూలన కూర్చుంది.

అంకమ్మ కాలు

ఏళ్లు గడిచాయి. కళ్లజోడు మందమైంది, షాపు మూసే ఆలోచనలో ఉన్నాను. అప్పుడు కామాక్షి కుట్టుమిషను బాగుచేయించుకోవడానికి వచ్చింది. వాళ్లది చేపలవాళ్ల ఇల్లు. ఆమె ఒక్క క్షణం ఊరికే కూర్చోలేదు. దుప్పటి ఎత్తి చూసి, ఇదేందని అడిగింది. సాక్సులు అల్లేదన్నాను. ఆ పిల్ల ముఖం మారిపోయింది. వాళ్ల అత్త సంగతి చెప్పింది.

పులికాట్‌లో నీళ్లు తక్కువున్న చోట ఆడవాళ్లు నడుచుకుంటూ రొయ్యలు పడతారు. అడుసులో కాలు మెల్లిగా మోపుతూ పోతారు. రొయ్య అరికాలి కింద కదిలిందంటే వంగి చేత్తో పట్టి, నడుముకు కట్టుకున్న బుట్టలో వేస్తారు. అంకమ్మ పదేళ్ల వయసు నుంచి ఆ పనే చేస్తోంది. అడుసులో రొయ్యలే కాదు, ఆల్చిప్పలూ ఉంటాయి. వాటి అంచు బ్లేడులా కోస్తుంది. అంకమ్మకు షుగరు వచ్చింది. ఇదివరకు వారం రోజుల్లో మానిపోయే గాటు ఈసారి నాలుగు నెలలు మానలేదు. మళ్లీ తెగితే వేలు తీసేయాల్సి వస్తుందని నాయుడుపేట డాక్టరు గట్టిగా చెప్పాడట. నీళ్లలో దిగొద్దన్నాడట. ఆమె వింటేనా? రబ్బరు బూట్లు కొనిచ్చారు. అవి అడుసులో కూరుకుపోయాయి, పైగా వాటితో రొయ్య కదలిక తెలియదు. బజారు సాక్సులు తడవగానే జారిపోయాయి, వేళ్ల దగ్గరి కుట్టు చర్మం ఒలిచింది.

“రొయ్య తెలవాల, ఆల్చిప్ప తెగకూడదు. అట్టాంటిది అల్లగలరా సార్?” అంది కామాక్షి.

నలభై ఏళ్లలో నన్ను ఇంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు. వారం రోజులు తల బద్దలుకొట్టుకున్నాను. నూలుతో పాటు సన్నటి నైలాన్ దారం కలిపి, అరికాలు మేరకు ఒత్తుగా, చీలమండ దగ్గర పట్టుగా అల్లాను. అంకమ్మ వేసుకుని దిగింది. సాయంత్రం బుట్ట నిండా రొయ్యలతో వచ్చి, కాలికి తోలు మొలిచినట్టుందని నవ్విందట. పక్కింటివాళ్లూ కావాలన్నారు. నేను మిషనుని తీసుకెళ్లి కామాక్షి ఇంట్లో బిగించి, తిప్పడం నేర్పి వచ్చాను. శుభ్రం చేయడం తర్వాత నేర్పుదాంలే అనుకున్నాను. తొందరపడే మేస్త్రీ అని ముందే చెప్పానుగా.

మంచినీళ్లు

రెండు నెలల తర్వాత కామాక్షి ఫోను చేసింది. పిడి తిరగడం లేదంది. వెళ్లి చూస్తే గొట్టమంతా ఎర్రటి తుప్పు. సూదులు గాడుల్లో అతుక్కుపోయాయి. ఏం చేశారని అరిచాను.

“రోజూ మంచినీళ్లతో కడిగినాం సార్” అంది కామాక్షి. “ఉప్పుగాలి గదా. పడవ ఇంజను కూడా ఒడ్డుకు రాంగానే మంచినీళ్లతోనే కడుగుతాం.”

పాపం, వాళ్ల తప్పేముంది? ఆ ఊళ్లో ఉప్పు తగిలిన ప్రతిదాన్నీ, వలని, ఇంజనుని, ఒంటిని మంచినీళ్లతోనే కడుగుతారు. ఆ మంచినీళ్లు కూడా బిందెతో మోసుకొచ్చినవే. తాగే నీళ్లు తగ్గించుకుని మిషనుకు పోశారు. ఈ బుద్ధి నాకు ఆ క్షణంలో ఉంటే ఎంత బాగుండేది! నేను నోటికొచ్చినట్టు తిట్టాను. నూరేళ్ల మిషనుని రెండు నెలల్లో చంపారన్నాను. చేపలు పట్టే చేతులకు ఇలాంటివి ఇవ్వడం నాదే తప్పు అని కూడా అన్నాను. రాయడానికి సిగ్గేస్తోంది గానీ, అన్నాను. నేను మిషనుని అక్కడే వదిలేసి బస్సెక్కాను.

పది రోజులకు కబురొచ్చింది. అంకమ్మ సాక్సులు అరిగి చిరిగాయి. కొత్తవి అల్లే దారి లేదు. నన్ను అడగడానికి వాళ్లకు మొహం చెల్లలేదు. ఆమె చిరిగిన వాటితోనే దిగింది. ఎడమ కాలి బొటనవేలి కింద తెగింది.

ఆ పూట అన్నం తినలేకపోయాను. డ్రెస్సింగు గదిలో పెద్దాయన నవ్వు గుర్తొచ్చింది. ఆనాడు ముడి వేశాను, ఈనాడు నోరు పారేసుకున్నాను. రెండింటికీ కారణం ఒకటే, చేయవలసిన పని వదిలేసి చక్కా పోవడం. మర్నాడు తొలి బస్సుకు కిరసనాయిలు డబ్బా, బిస్కెట్ డబ్బా సంచిలో పెట్టుకుని బయల్దేరాను.

విప్పడం

అది రాకెట్ ఎగిరే రోజు. శ్రీహరికోట వైపు ఎవరినీ నీళ్లలోకి పోనివ్వరు కాబట్టి ఊరంతా ఇళ్లలోనే ఉంది. అంకమ్మ అరుగు మీద కాలికి కట్టుతో కూర్చుని ఉంది. తప్పయిపోయిందమ్మా అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, “వచ్చినావు గదన్నా, కూసో” అంది. కామాక్షి మాత్రం మజ్జిగ గ్లాసు ఠక్కున పెట్టి లోపలికి పోయింది. అది న్యాయమే.

మిషను విప్పే పని జాగ్రత్తగా వినండి. ముందు ఫోనుతో ప్రతి వైపు నుంచీ ఫొటో తీయండి. మా కాలంలో రంగు చుక్కలు పెట్టుకునేవాళ్లం. సూదుల్ని పట్టి ఉంచే చుట్టు స్ప్రింగు మెల్లిగా జార్చి, సూదులు ఒక్కొక్కటే పైకి లాగాలి. రాకపోతే పట్టకారుతో పట్టి లాగకూడదు. కిరసనాయిలు పోసి, కాఫీ తాగి, ఊళ్లో కబుర్లు విని, మళ్లీ వచ్చి చూడాలి. అలా పోస్తూ, ఆగుతూ డెబ్బై రెండు సూదులు తీయడానికి రెండు రోజులు పట్టింది. నలభై ఏడు బతికాయి. వాటిని పాత పళ్ల బ్రష్షుతో తోమి, ఒక్కొక్క సూదినీ తలకిందులు చేసి నాలుక చూడాలి. దాని బరువుకు అదే పడాలి. వేలితో నెట్టాల్సి వస్తే ఆ సూది పనికిరాదు.

గొట్టం గాడుల్లో తుప్పు మాత్రం బ్రష్షుకు లొంగలేదు. వెదురు పుల్లకూ లొంగలేదు. మూడో రోజు మధ్యాహ్నానికి నా చేయి సంచిలోని గరుకు కాగితం మీదికి పోయింది. నిజం చెబుతున్నాను, పోయింది. అప్పటిదాకా నాతో ముక్తసరిగా మాట్లాడుతున్న కామాక్షి అది చూసి, అదేందని అడిగింది. నాలుగు గాడులు చెడగొట్టిన నా పాత కథంతా చెప్పాను. సుందరమ్మ గారు అన్న మాట చెప్పాను. ఆ పిల్ల విని కాసేపు గొట్టం వంక చూసి, లోపలికి వెళ్లి వల అల్లే నైలాన్ తాడు చుట్ట తెచ్చింది. ఒక ముక్క కోసి, కిరసనాయిలులో ముంచి, గాడిలో పడుకోబెట్టి, రెండు కొనలూ పట్టుకుని ఇటూ అటూ లాగింది. తాడు సరిగ్గా గాడిలో ఇమిడిపోయింది. ఎర్రటి మడ్డి బయటికొచ్చింది. కింద నల్లటి ఇనుము క్షేమంగా ఉంది.

నా నలభై ఏళ్ల అనుభవానికి ఆ తాడు తట్టలేదు. చేపలు పట్టే చేతులని నేను అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను అమ్మాయ్ అన్నాను. ఆమె తలెత్తకుండా, తాడు అందుకోండి సార్, డెబ్బై రెండు ఉండాయి అంది. అప్పుడు మాత్రం పెదవి చివర నవ్వింది. ఇద్దరం అంకమ్మ ఎదురుగా అరుగు మీద కూర్చుని సాయంత్రం దాకా లాగాం.

కిరసనాయిలు ఆరాక కుట్టుమిషను నూనె పలచగా రాయాలి. కొబ్బరినూనె వద్దు, అది నాలుగు నెలల్లో బంకవుతుంది. రాత్రిపూట నూలుబట్ట కప్పండి. ప్లాస్టిక్ కవరు వేస్తే లోపల చెమ్మ పడుతుంది. నీళ్ల సంగతి ఇక చెప్పక్కర్లేదు. సుందరమ్మ గారి డబ్బాలోంచి పాతిక సూదులు తీశాను. తొందరపడి వాడొద్దన్నారు ఆవిడ. తొందరపడలేదమ్మా అని మనసులో చెప్పుకున్నాను. నూనె వేశాక మొదటి మూర అల్లిక నల్లగా వస్తుంది. పాత దారం వేసి, తెల్లగా వచ్చేదాకా తిప్పాలి. గొట్టంలా దిగిన ఆ నల్లటి అల్లికను చూసి ఊళ్లో పిలకాయలు పామన్నారు.

ఆఖరి చేయి

అంకమ్మ గాయం మానడానికి రెండు నెలలకు పైగా పట్టింది. వేలు దక్కింది. ఈలోగా కామాక్షి రోజూ మిషను విప్పి, దులిపి, బిగించింది. నేను వారానికోసారి వెళ్లేవాణ్ని. డాక్టరు ఒడ్డువారగా దిగొచ్చన్నాక, కొత్త జత కామాక్షే అల్లింది. మడమ నాకంటే శుభ్రంగా తిప్పింది. నేను కళ్లు మూసుకుని చేయి పెట్టి చూశాను. బాగుందన్నాను.

అంకమ్మ ఊరికే ఉండకుండా తనూ కళ్లు మూసుకుని చేయి పెట్టింది. నన్ను చూసి నేర్చుకుంది కాబోలు. లోపల వేళ్లు మెల్లిగా నడిపించి, ఒకచోట ఆపింది.

“ఈడేదో గరుగ్గా ఉండాదన్నా. కొస దాకా పోతా ఉంది.”

నేను మళ్లీ చేయి పెట్టాను. నాకేమీ తెలియలేదు. మూడోసారి పెట్టాను. తెలియలేదు. కామాక్షి సాక్సు తిరగేసి వెలుతురుకు పట్టింది. అరికాలి మీద ఒకే వరసలో, వెంట్రుకంత సన్నగా, దారం పీచు లేచి ఉంది. వరస లెక్కపెట్టి సూదిని పట్టుకున్నాం. పాత సూదుల్లో ఒకదానికి కొక్కెం అంచు తుప్పు తిని మొనదేలింది. ఆ అరుగు మీద కూర్చుని నా వేళ్ల కొనలు చూసుకున్నాను. అవి ఎప్పుడు మొద్దుబారాయో నాకు తెలియదు. దిగులేసింది, దాచను. అంకమ్మ చేయి మాత్రం యాభై ఏళ్లుగా అడుసులో రొయ్య మీసం కదిలితే పట్టే చేయి. ఇంతకాలం ఆ చేయి పక్కనే పెట్టుకుని నా చేయి గొప్పదనుకున్నాను.

సూది మార్చి మళ్లీ అల్లారు. ఈసారి నేను చేయి పెట్టలేదు. అంకమ్మ పెట్టి, తల ఊపింది. ఇప్పుడు ఆ ఊరి నుంచి బయటికి పోయే ప్రతి జతలోనూ ఆఖరి చేయి ఆమెదే. షుగరు కాళ్లకని నాయుడుపేట నుంచి కూడా అడిగి తీసుకుపోతున్నారు. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నా ఆఖరి మాట ఇదే: మీ చేతికి తెలియని రోజు వస్తుంది. ఆ రోజుకు ముందే ఇంకో చేయి వెతుక్కోండి.

సూది మార్చి అల్లిన జత వేసుకుని ఆ మధ్యాహ్నం అంకమ్మ బుట్ట కట్టుకుని దిగింది. నేను ఒడ్డున కూర్చున్నాను. ఆమె మొదటిసారి వంగినప్పుడు, తెగిందేమోనని లేచి నిలబడ్డాను. ఆమె రొయ్యను ఎత్తి చూపించింది.

రెండు గంటల తర్వాత వచ్చి అరుగు మీద కూర్చుని, సాక్సు విప్పి, కాలు చాపింది. అడుసుతో ఏమీ కనిపించడం లేదు. కామాక్షిని మంచినీళ్లు తెమ్మన్నాను. అంకమ్మ కాలు వెనక్కి లాక్కుని, నువ్వు కడిగేదేందన్నా, పెద్దోడివి అంది.

“మిషను మీరు కడిగినారు గదా. కాలు నేను కడుగుతా” అన్నాను.

చెంబెడు నీళ్లు పోసి, మడమా, అరికాలూ, వేళ్ల సందులూ కడిగాను. నా వేళ్లను నమ్మక, కామాక్షిని కూడా దగ్గరికి వచ్చి చూడమన్నాను. ఇద్దరం వంగి చాలాసేపు చూశాం. ఎక్కడా తెగలేదు, ఎర్రబడనైనా లేదు.